పిలుపు గడిలో పేరు

సువర్చల అప్పటికి తొమ్మిదివందల పన్నెండో అంకానికి ముప్పైనాలుగు నవ్వులు నాటింది. వాటిలో మూడు కిసుక్కులు, ఒక పగలబాటు, మిగతావన్నీ మామూలు పొత్తునవ్వులు. ముప్పైఅయిదోది మెట్ల సన్నివేశం. 'పై వాటా పరంధామం' ధారావాహికలో పరంధామం మెట్లకు అడ్డంగా నిలబడి, కింది వాటా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "చిరునవ్వు సుంకం కట్టందే దారి లేదు మరదలా!" అంటాడు. అక్కడ రెండున్నర సెకన్ల నవ్వు పడాలి. పదకొండింటికి ప్రసారం. గోడ మీద పదింబావు దాటింది.

నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. ఆ పెద్దలకు విశాఖ హాస్యకేంద్రంలో కూర్పరి ఉద్యోగం దొరికి ఉంటే అయిదో విధం కూడా చెప్పేవారు. సువర్చల నాటిన నవ్వు ఇళ్లలో మోగుతుంది. దాన్ని విని ఇళ్లలో వాళ్లూ నవ్వుతారు. వాళ్ల మెడలకున్న గొంతుపట్టీలు ఆ నవ్వును కొలిచి తిరిగి పంపుతాయి. నూటికి ఎన్ని గొంతులు నవ్వితే అది సన్నివేశంలో చేసిన పనికి నవ్వుమానం. అరవై దాటితే ఆ పని చనువు, దాటకపోతే వేధింపు. ఆడవాళ్ల ఫిర్యాదులను తేల్చే న్యాయగణి యంత్రానికి తెలిసిన ధర్మశాస్త్రం ఇంతే. పద్దెనిమిదేళ్లుగా పరంధామం కొంగులు లాగుతున్నాడు, తలుపు సందుల్లోంచి చూస్తున్నాడు. ఒక్కసారైనా అరవైకి దిగలేదు. ఆ ధైర్యంతోనే ఊళ్లో పరంధామాలు పెరిగారు.

తెర మీద ఎర్ర గీత మెరిసింది. 'మెట్టడ్డానికి, అంటే మెట్ల మీద దారి అడ్డగించడానికి, ఇంతవరకు నవ్వుమానం లేదు. నేటి ప్రసారంతో ఖరారు. ఒక ఫిర్యాదు వేచి ఉంది.'

సువర్చల ఫిర్యాదు తెరిచి చదివింది. రేవులో ఏడో క్రేను నడిపే అమ్మాయి. క్రేను నిచ్చెన మీద పర్యవేక్షకుడు రోజూ దారికి అడ్డం నిలుస్తున్నాడు. నవ్వుమానం అరవై దాటితే ఫిర్యాదు మూసేస్తారు. మధ్యాహ్నం భోజనానికి దిగి ఆ అమ్మాయి మళ్లీ అదే నిచ్చెన ఎక్కాలి, అతని కిందే పనిచేయాలి.

సువర్చల ఆరేళ్లలో ఇలాంటివి ఎన్ని నాటిందో లెక్క లేదు. మొదటిసారి తన వేళ్లను చూసి తనకే అసహ్యం వేసింది.

నవ్వు తీసేసింది. ఒక్క సెకను కూడా గడవలేదు, ఖాళీపూరకం అనే యంత్రం నవ్వుల గోదాములోంచి ఇంకోటి తెచ్చి అక్కడ పడేసింది. మళ్లీ తీసింది. అది మళ్లీ పెట్టింది. మౌనమంటే ఆ యంత్రానికి సరిపడదు.

"ఏమ్మా, ముప్పైఅయిదు ఇంకా పడలేదేంటి?" అంటూ చిదానందం లోపలికి వచ్చాడు. కేంద్రానికి అధిపతీ ఆయనే, పరంధామాన్ని మొదటి అంకం నుంచి రాస్తున్నదీ ఆయనే.

"చూస్తున్నాను సార్."

"చూసేదేముంది? మరదలితో సరసం. ఓ పగలబాటు పడెయ్."

ఆయన వెళ్లిపోయాడు. 'మరదలితో' అన్న మాట మాత్రం సువర్చల చెవిలో ఉండిపోయింది.

పిలుపు గడి! ఒక్కో ప్రాంతంలో ఒక్కో వరస పెట్టి పిలుస్తారు కనుక ఆ గడి ఒక్కదాన్ని కూర్పరి చేతికి వదిలేశారు. పరంధామం గొంతు యంత్రానిదే. గడిలో ఏది ఉంటే అదే పలుకుతుంది. సువర్చల 'మరదలా' చెరిపి 'చెల్లెమ్మా' అని కొట్టి, రెండొందల నమూనా గొంతుల మీద పరీక్ష పెట్టింది. సన్నివేశానికి ఒక్క పరీక్షే అనుమతి.

నవ్వుమానం నాలుగు!

కుర్చీలోంచి ఎగిరినంత పనిచేసింది. పట్టరాని సంతోషం. ఇంతలో తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. 'నిషిద్ధ వరస. ఫిర్యాదులోని వ్యక్తి ఆమెకు అన్న కాడు. వర్తించదు.'

నీరుగారిపోయింది. చెల్లెలైతేనే తప్పట. కాకపోతే మరదలేనట, మధ్యలో ఇంకేమీ లేనట్టు!

పదీ యాభైకి మాటగంట మోగింది. తీర్పుకు ముందు ఫిర్యాదుదారు కూర్పరితో మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అలా మాట్లాడవచ్చని ఎవరికీ తెలియదు. ఈ అమ్మాయికి ఎలాగో తెలిసింది. తెర మీద క్రేను గది, దాని వెనక సముద్రం, ముందు చెమటపట్టిన ముఖం కనిపించాయి.

"నా పేరు పైడితల్లి అమ్మా. నవ్వులు మీరేనా ఏసేది?"

"నేనే. చెప్పండి."

"నూట పది మెట్లండి. సగం ఎక్కేసరికి అడ్డంగా నిలబడతాడు. ముందుకెల్లనేను, ఎనక్కి దిగనేను. నవ్వితేనే దారంటాడు. ఎందుకు నవ్వాలంటే, టీవీలో లోకమంతా నవ్వుతంది, నీకేటి నొప్పి అంటాడు."

"'చెల్లెమ్మా' అని మార్చి చూశాను పైడితల్లీ. యంత్రం ఒప్పుకోలేదు."

"నాను ఆడి సెల్లినేటి?" పైడితల్లికి కోపం వచ్చింది. "సెల్లిని కాపోతే మెట్లెక్కకూడదేటి? నాకో పేరుంది గదమ్మా. ఆడు రెండేల్లలో ఒక్కపాలి ఆ పేరెట్టి పిలవనేదు. 'మరదలు పిల్లా' అనే."

మూడు నిమిషాలు అయిపోయాయి. తెర నల్లబడింది.

సువర్చల కుర్చీ ముందుకు లాక్కుంది. తొమ్మిదివందల పన్నెండు అంకాలు! కింది వాటా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుందని అందరికీ తెలుసు. ఆవిడను పేరు పెట్టి పిలిచినవాడు ఇంతవరకు ఒక్కడు లేడు. అసలు ఆవిడకు పేరే పెట్టలేదు. గడి తెరిచి, అప్పటికప్పుడు తోచిన పేరు పెట్టి 'తామాడ హైమవతి గారూ' అని కొట్టింది.

'ఇది వరస కాదు. పరీక్షకు వీల్లేదు. కొనసాగించాలా?'

అరవై దాటితే పైడితల్లి పని అంతే, దాటకపోతే తన ఉద్యోగం అంతే. సువర్చల 'అవును' నొక్కింది. నవ్వును మాత్రం ఈసారి తీసెయ్యలేదు. చిదానందం అడిగినట్టే పగలబాటు పెట్టింది.

పదకొండయింది. ముప్పైనాలుగు నవ్వులూ ఎప్పటిలాగే పండాయి. పరంధామం మెట్లకు అడ్డం వచ్చాడు, భుజం మీద చెయ్యి వేశాడు. "చిరునవ్వు సుంకం కట్టందే దారి లేదు, తామాడ హైమవతి గారూ!"

పగలబాటు మోగింది. సూచిక పన్నెండుకు ఎక్కింది. ఇరవై. ఇరవైఆరు. సువర్చల రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఇరవైతొమ్మిది. ముప్పైఒకటి. అక్కడ ఆగింది. నాటిన నవ్వు ఒక్కటే ఇళ్లలో ఇంకా మోగుతోంది.

నూటికి ముప్పైఒక్కమంది ఇంకా నవ్వారు, నిజమే. వాళ్ల సంగతి తర్వాత చూడొచ్చు. 'మెట్టడ్డం వేధింపు. వరసతో నిమిత్తం లేదు. ఏడో క్రేను ఫిర్యాదు స్వీకరించడమైనది. పర్యవేక్షకుడు తక్షణం విధుల నుంచి తొలగింపు.' సువర్చల ఆ వాక్యాలు గట్టిగా, ఒక్కతే గదిలో, రెండుసార్లు చదువుకుంది.

తలుపు దఢాలున తెరుచుకుంది. "ఏం చేశావమ్మా? ఎవరా హైమవతి?" చిదానందం రొప్పుతున్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపే తెర నిండిపోవడం మొదలైంది. వరస లేకుండా తూచడం న్యాయగణికి తెలిసిపోయింది. పద్దెనిమిదేళ్లలో తాను మూసేసిన ఫిర్యాదులను ఒక్కొక్కటిగా బయటికి తీసి మళ్లీ తూచబోతోంది. వాటికి ఆధారమైన సన్నివేశాల్లో వరస తీసి పేరు పెట్టడానికి దానికి కావలసింది ఒకే ఒక్క వివరం. 'అంకం 1: కొంగు లాగబడిన స్త్రీ పేరు?' 'అంకం 2: స్నానాల గది తలుపు సన్నివేశంలో స్త్రీ పేరు?' 'అంకం 3: నడుము గిల్లబడిన స్త్రీ పేరు?'

"ఆపు దాన్ని!" అన్నాడు చిదానందం.

"పేర్లు చెబితే ఆగుతుంది సార్. రాసింది మీరే కదా, చెప్పండి. అంకం ఒకటి. ఆవిడ పేరేంటి?"

"పేరా?" చిదానందం తెర వైపు చూశాడు. నోరు తెరిచాడు. "మరదలు..." అన్నాడు.

'ఇది పేరు కాదు,' అంది తెర.