ఎదురుగాలి పదిహేను గంటలు

వాళ్లిద్దరికీ పరిచయమైంది పోట్లాటతోనే.

విమానాశ్రయంలో ఎంక్వయిరీ కౌంటరు అమ్మాయి ఓ ప్రయాణికుడికి "పద్నాలుగు గంటల ప్రయాణమండీ" అని చెప్పింది. టీ కప్పుతో పక్కనుంచి వెళ్తున్న ఓ పొడుగాటి మనిషి ఆగి, "పదిహేను" అన్నాడు.

"మధ్యలో మీరెవరండీ?"

"విమానాలకి దారి వేసేవాణ్ణి. తిరిగి రావడానికైతే పదమూడే. వెళ్లేటప్పుడు ఎదురుగాలి."

"దారి ఒకటే కదా?"

"గాలి ఒకటి కాదుగా."

అడిగిన ప్రయాణికుడు ఎప్పుడో వెళ్లిపోయాడు. వీళ్ల వాదన మాత్రం టీ చల్లారేదాకా సాగింది. ఆ తర్వాత రోజూ టీ టైముకి వాదించుకోవడం అలవాటైపోయింది. ఆమె అతనికి 'గాలిలెక్కలు' అని పేరు పెట్టింది. అతను ఏమీ అనుకోలేదు కానీ, ఇంకో పేరుతో పిలిస్తే పలకడం మానేశాడు.

ఏడాది తిరిగేసరికి ఆమెకి బదిలీ వచ్చింది. సరిగ్గా ఆ పదిహేను గంటల అవతలి విమానాశ్రయానికే.

"చాలా దూరం కదూ?" అంది అతని మొహంలోకి చూస్తూ.

ఆ ప్రశ్నకి జవాబు అంకె కాదని గోడకైనా తెలుస్తుంది. గాలిలెక్కలు మాత్రం బాగా ఆలోచించి, "ఉత్తరం దారిలో వెళ్తే రెండొందల మైళ్లు కలిసొస్తాయి" అన్నాడు.

ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అతనికి తిండి సయించలేదు. లెక్క ఎక్కడ తప్పిందా అని ఒకటికి పదిసార్లు చూసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె లేకుండా టీ గొంతు దిగడం లేదని అప్పుడు తెలిసింది.

ప్రయాణం రోజున సాగనంపడానికి ఆమె బాబాయి వచ్చాడు. ఆయన సూట్‌కేసు తాళం మళ్లీ మళ్లీ లాగి చూస్తుండగా గాలిలెక్కలు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి, గాలి మారిందా?" అంది ఆమె.

"ప్రతి విమానానికీ రెండో ఊరు ఒకటి అనుకుని ఉంచుతాం," అన్నాడు రొప్పుతూ. "అనుకున్నచోట దిగడం కుదరకపోతే అక్కడికి వెళ్లడానికి."

"తెలుసు. రోజూ చెప్తూనే ఉంటారుగా."

"నాకు రెండో ఊరు లేదు."

బాబాయి తాళం వదిలేశాడు.

ఆమె అతనివైపు ఓ అడుగు వేసింది. "లేకపోతే ఏం చేస్తారు?"

"కొన్ని దీవులకి చుట్టుపక్కల ఇంకేమీ ఉండదు. వాటికి రెండు గంటల ఇంధనం ఎక్కువ పోసుకుని బయల్దేరతాం. దిగమనేదాకా ఆ పైనే తిరుగుతాం." ఊపిరి తీసుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. అక్కడికే బదిలీ అడిగాను."

"ఈ ముక్క చెప్పడానికి ఇంత చుట్టు తిరగాలా?"

"నాకు తెలిసిన దగ్గర దారి ఇదేనండీ."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కర్చీఫ్ వెతుక్కుంది.

"బాబూ," అన్నాడు బాబాయి, "వాళ్ల నాన్న సంగతి తెలుసా? మా అన్నయ్య ఓ పట్టాన ఎవరి మాటా వినడు."

"ఎదురుగాలాండీ?"

"మామూలుది కాదు." బాబాయి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, సూట్‌కేసు ఆమె చేతికిచ్చాడు. "సర్లే. వెనకనుంచి తోయడానికి నేనున్నాను."

లోపలికి వెళ్లే ద్వారం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"ఎక్కువ ఇంధనం మోసుకురాకండి!" అని అందరూ వినేలా అరిచింది. "రాగానే దిగొచ్చు!"