నేతలంక అండర్‌బ్రిడ్జి ఉత్తరం

ఉత్తరం మాయమైంది జూన్ ఇరవైన. మనిషి పోయింది జూలై తొమ్మిదిన. నడుమ పంతొమ్మిది రోజులు.

పోయిన మనిషి పేరు అంకమ్మరావు. నేతపనివాడు. నేతలంక నగర మేయర్ చౌడేశ్వరమ్మ భర్త. ఆ ఉదయం 5.40కి చీరల మూట మోపెడ్ మీద కట్టుకుని విజయవాడ బయలుదేరాడు. తెల్లవార్లూ కురిసిన వానకు రైల్వే అండర్‌బ్రిడ్జి నిండిపోయింది. మోకాలి లోతనుకుని దిగాడు. అది నిలువు లోతు.

మాయమైన ఉత్తరం ఆ అండర్‌బ్రిడ్జి గురించే.

జూలై ఇరవై ఒకటి, మధ్యాహ్నం 12.10. మేయర్ పిలిపిస్తే వచ్చి విశ్వేశ్వర్ ఆమె ఇంటి ముందుగదిలో కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పత్రాలు పరీక్షించి రిటైరైన మనిషి. కంటితో చూసినదాన్ని కూడా రెండోసారి చూస్తే గాని నమ్మడు. గదిలో సగం మగ్గమే ఉంది. దాని మీద సగం నేసిన చీర అలాగే ఆగిపోయింది. అటు చూడకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పోలీసులకు చెప్పలేదేమమ్మా?"

"చెప్తే పార్టీల గొడవైపోద్దండి. ఎంపీ గారిది ఆ పార్టీ, నాది ఈ పార్టీ. అసలు సంగతి గాలికి పోద్ది."

"అసలు సంగతేమిటి?"

"నీళ్ళు తోడే పంపు మా యార్డులో సిద్ధంగా ఉందండి. పెట్టడం ఒక్క పూట పని. కాని స్థలం రైల్వేది. జూలై ఒకటిన ఎంపీలతో రైల్వే అధికారుల మీటింగు. కౌన్సిల్ తీర్మానం జత చేసి ఉత్తరమిస్తే తనే అనుమతి అడుగుతానన్నారు ఎంపీ గారు. ఇచ్చాం. ఆ మీటింగులో మా ఊరి పేరే ఎత్తలేదు."

"ఇచ్చిందెవరు?"

"మా ఆయన. తను నేసిన శాలువా ఎంపీ గారికి స్వయంగా ఇవ్వాలని ముచ్చటపడితే విజయవాడలో ఎంపీ గారి ఆఫీసుకు వెంట తీసుకెళ్ళాను. కారు దిగుతూ ఉత్తరం ఫైలు కూడా ఆయన చేతికే ఇచ్చి పైకి పంపాను."

"మీరు వెళ్ళలేదా?"

"మెట్ల దగ్గర కమిషనర్ గారి ఫోనండి. మెయిన్ పైపు పగిలిందని. నేను మాట్లాడి పెట్టేసేసరికి ఎంపీ గారు ఫ్లైటుకని దిగొచ్చి కారెక్కుతున్నారు. 'ఉత్తరం చూడండి సార్' అన్నాను. 'అలాగేనమ్మా, చూస్తా' అన్నారు."

"మీవారిని అడిగారా?"

"తిరుగుదారిలోనే అడిగాను. 'ఎంపీ గారి చేతికే ఇచ్చా' అన్నారు. ఆయనకు అబద్ధం ఆడటం రాదండి. రేపు పదకొండింటికి కౌన్సిల్. ఎంపీ గారి పీఏ ఆరోన్ దాన్ని దొంగిలించాడని తీర్మానం పెడుతున్నా. ఇంకెవరున్నారు అక్కడ?"

"ఇంకెవరూ లేకపోవడం రుజువు కాదమ్మా."

"అయితే రుజువు తెచ్చిపెట్టండి. సాయంత్రం దాకా ఆగుతా."

మధ్యాహ్నం 2.15. బెంజ్ సర్కిల్ దగ్గర సందులో ఎంపీ పూర్ణచంద్రరావు కార్యాలయం. ఆరోన్ నలభై దాటినవాడు. ఇన్‌వర్డ్ రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పద్నాలుగేళ్ళు సార్. ఒక్క కాగితం పోలేదు. పెళ్ళి శుభలేఖలకు కూడా నంబరేస్తాను. జూన్ ఇరవైన నేతలంక నుంచి ఏ ఉత్తరమూ రాలేదు."

"అంకమ్మరావు వచ్చాడా?"

"వచ్చారు. 9.52కి. ఫోటో నేనే తీశాను."

"శాలువా కప్పలేదా?"

"టైమెక్కడిది సార్? ఫ్లైటు 11.40కి. ప్లాస్టిక్ కవర్లో ఉన్నది ఉన్నట్టే అందుకున్నారు."

విశ్వేశ్వర్ ఫోన్ అందుకుని ఫోటోను పెద్దది చేశాడు. అంకమ్మరావు రెండు చేతులూ జోడించి నమస్కరిస్తున్నాడు. ఆ చేతుల్లో ఏమీ లేదు. చంకలోనూ లేదు. ఎంపీ ఎడమచేతిలో సెల్‌ఫోన్ చెవికి ఆనించి ఉంది. కుడిచేయి శాలువా కవరును ఒక మూల పట్టుకుని ఉంది.

ఫైలు ఎక్కడా లేదు. మరి ఆ మనిషి 'చేతికే ఇచ్చా' అన్నాడు.

ఇంకోసారి చూశాడు. మూడోసారీ చూశాడు. తరువాత మేయర్‌కు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంట్లో నేసిన శాలువా అన్నారు. మడతలో అట్టముక్క ఏమైనా పెడతారా?"

"కొట్టువాళ్ళు చొక్కాలకు పెడతారండి, బిర్రుగా కనపడాలని. శాలువాకెందుకూ?"

విశ్వేశ్వర్ ఫోన్ పెట్టేశాడు. "ఆరోన్, మీ సారుకి వచ్చిన శాలువాలన్నీ ఎక్కడుంటాయి?"

వెనకగదిలో ఆరు ఇనుప బీరువాలు. తెరిస్తే గుట్టలు గుట్టలు.

"ఇవన్నీ ఏం చేస్తారయ్యా?"

"మళ్ళీ ఎవరి సన్మానానికో పంపుతాం సార్. కప్పుకుందామంటే విజయవాడలో అంత చలి ఎప్పుడు పెట్టింది?"

విశ్వేశ్వర్ ఒక్కొక్క కవరునూ మూల పట్టుకుని ఎత్తడం మొదలుపెట్టాడు. ప్రతిదీ తడిగుడ్డలా కిందికి వేలాడింది. నాలుగో బీరువా, మధ్య అర. 3.20కి ఒకటి వేలాడలేదు. పలకలా నిలిచింది.

కవరు విప్పాడు. మడతల నడుమ కార్పొరేషన్ అట్ట ఫైలు. దాని చుట్టూ చీరలకు చుట్టే పల్చటి కాగితం, అంచులు సమంగా మడిచి ఉన్నాయి. అలా మడిచే చేతులు ఆ రోజు ఆ మెట్ల మీద రెండే ఉన్నాయి.

నిజం దొరికినప్పుడు అతనికి ఎప్పుడూ తృప్తి కలిగేది. ఈసారి కలగలేదు. తన లెక్క తప్పితే బాగుండునని అనిపించడం అతని జీవితంలో అదే మొదలు.

సాయంత్రం 4.30. ఎంపీ గదిలో నలుగురు. మేయర్ ఆరోన్ వైపు చూడకుండా కూర్చుంది.

"ఎంపీ గారూ, ఉత్తరం వస్తుందని మీకు తెలుసు. రాలేదు. మీరేమనుకున్నారు?" అడిగాడు విశ్వేశ్వర్.

పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీశాడు. ఒకప్పుడు లెక్చరర్. "కాగితాలు తరువాత పంపుతుందనుకున్నాను. రాకపోయేసరికి వాళ్ళ పార్టీ ఎమ్మెల్యేకి ఇచ్చి ఉంటుందనుకున్నాను."

"ఫోన్ చేయలేదా?"

"ఎంపీ అయివుండి మేయర్‌ను ఉత్తరం ఇమ్మని దేబిరించడమేమిటి అనిపించింది."

"మీరమ్మా? మీటింగు ముందురోజైనా గుర్తు చేయలేదా?"

"చూస్తానన్నారు కదండీ. రెండోసారి అడిగితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని..."

విశ్వేశ్వర్ ఫోటో చూపించాడు. "ఈ ఫోటో మీరందరూ చూశారు. అందరూ మనుషుల్నే చూశారు. శాలువాను చూడండి. మూల పట్టుకుంటే బట్ట వంగాలి. ఇది వంగలేదు. లోపల ఫైలుంది. ఉత్తరం ఎవరూ దొంగిలించలేదు. నిజంగానే ఎంపీ గారి చేతికి అందింది. అందిందని ఆయనకు తెలియలేదు. కవరు విప్పకుండా బీరువాలో పెట్టారు."

ఫైలు బల్ల మీద ఉంచాడు.

చౌడేశ్వరమ్మ ఆ పల్చటి కాగితాన్ని వేలితో తాకింది. మడత అంచును నిమిరింది.

"ఆ రోజు చినుకులు పడుతున్నాయండి," అంది. "ఫైలు తడవనీకు, జాగ్రత్త అన్నాను. నేనే అన్నాను."

"అవునమ్మా. ఆయన జాగ్రత్తే పడ్డారు."

"ఇది అందుంటే బతికేవారా?"

అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా తగిన సమయం ఉండదు. విశ్వేశ్వర్‌కు అది తెలుసు.

"తెలియదమ్మా. అనుమతి వచ్చేదో లేదో, వచ్చినా ఆలోగా పంపు పెట్టేవారో లేదో ఎవరూ చెప్పలేరు. ఎవరైనా చెప్పగలనంటే నమ్మకండి."

ఆమె తల ఊపింది.

"తప్పు నాదేనని రేపు నేనే ప్రకటిస్తానమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఆయన పేరు బయటికి రానవసరం లేదు. చేతికిచ్చాడు, నేను విప్పలేదు. అది నిజమే కదా."

"వద్దు సార్. ఉన్నది ఉన్నట్టు కౌన్సిల్లో నేనే చదువుతాను. ఆయన చేసింది, మీరు చేసింది, నేను చేసింది." ఆమె ఆరోన్ వైపు తిరిగింది. "తమ్ముడూ, నిన్ను దొంగవన్నాను. మనసులో పెట్టుకోకు."

ఆరోన్ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

పూర్ణచంద్రరావు ఫోన్ తీసి రైల్వే అధికారితో మాట్లాడాడు. మూడు నిమిషాలు పట్టింది. "రేపు పదింటికి రమ్మన్నారు. ఉత్తరం తీసుకుని ఇద్దరం వెళదాం. కౌన్సిల్ మధ్యాహ్నానికి పెట్టుకోమ్మా. ఇక ఏదున్నా నాకే ఫోన్ చెయ్యి. నేనూ చేస్తాను."

"ఇదే ఇద్దాం సార్. తేదీ మారుస్తాను."

ఆమె పెన్ను అడిగి తీసుకుంది. మొదటి పేజీలో తేదీ కొట్టేసి కొత్తది వేసింది. రెండో పేజీ తిప్పింది. అక్కడ చెయ్యి ఆగింది. అది అండర్‌బ్రిడ్జి వివరాల పట్టిక. నీళ్ళు నిలిచే రోజులు, లోతు, రోజూ వెళ్ళే వాహనాలు. ఆఖరి గడిలో ఆమె దస్తూరీలోనే ఉంది. ఇంతవరకు ప్రాణనష్టం: లేదు.

'లేదు' అన్న మాట మీద ఒక అడ్డగీత గీసింది.

పక్కన 'ఒకరు' అని రాసింది. ఆ గడిలో పేరు అడగలేదు. అయినా పేరు రాసింది.