మళ్ళీ అడగని ప్రశ్న

అంగారకుడి మీద నాలుగో గుమ్మటంలో ఇద్దరికి మాట తేడా వస్తే గొంతులు పెంచుకోవడం మానేసి చాలా కాలమైంది. టమాటాలు ఎర్రదీపం కింద బాగా కాస్తాయా, నీలిదీపం కింద బాగా కాస్తాయా అని భోజనశాలలో వాదన మొదలైతే, పక్కనున్నవాడు నోట్లో ముద్ద మింగి, “ఎందుకర్రా రచ్చ, గీటురాయిని అడగండి” అంటాడు. అక్కడితో సరి.

గీటురాయి ఒక యంత్రం. బంగారాన్ని గీసి చూసినట్టు మాటను గీసి చూస్తుంది. పరికల్పనల పరీక్ష, అంటే హైపోథిసిస్ టెస్టింగ్, పూర్వం చదువుకున్న కొద్దిమంది విద్య. ఇక్కడ ఊరందరి విద్య అయింది. గుమ్మటంలో కొలిచినవన్నీ, మనిషి బరువు నుంచి మొక్క ఎత్తు దాకా, ఆ యంత్రం కడుపులో ఉంటాయి. ఎవరైనా ప్రశ్న వేస్తే అది ముందు “తేడా ఏమీ లేదనుకుందాం” అని మొదలుపెడుతుంది. దీని పేరు శూన్య పరికల్పన, నల్ హైపోథిసిస్. నిజంగానే తేడా లేకపోతే, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా కనబడే అవకాశమెంతో లెక్క కడుతుంది. అదే పి-వాల్యూ. అది నూటికి ఐదు కన్నా తక్కువైతే పచ్చదీపం వెలుగుతుంది, తేడా ఉందని. లేకపోతే పసుపుదీపం. పసుపుదీపానికి అర్థం “లేదు” అని కాదు, “ఉందని చెప్పడానికి ఆధారం చాలదు” అని. ఇది బడిలో ప్రతి పిల్లకీ నేర్పుతారు, బడి దాటిన మర్నాడు ప్రతి పిల్లా మరిచిపోతుంది.

ఇంకో నియమం కూడా ఉంది. అసలు లేని తేడాల గురించి ఇరవై ప్రశ్నలు వేస్తే, సగటున ఒకదానికి ఊరికే పచ్చదీపం వెలుగుతుంది. అందుకని ఇంటికి ఏడాదికి ఒక్కటే ప్రశ్న. ఈ కట్టుబాటు జనానికే. ఊరిని నడిపే మండలికి లేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడికి, కావలసినన్ని కుందేళ్ళు పట్టుకునే హక్కు కూడా ఇచ్చినట్టయింది.

పైడితల్లి మండలి దగ్గర ప్రశ్నలేఖరి. జనం వంకరటింకరగా అడిగేదాన్ని యంత్రానికి అర్థమయ్యే ప్రశ్నగా రాయడం ఆమె ఉద్యోగం. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, ముక్కు మీదే కోపం. ఆమె అన్న సింహాద్రి బయట తిరిగేవాళ్ళ గాలిబట్టలకు అతుకులు చూస్తాడు. యంత్రాలు చూశాక కూడా చివర్లో అతను ఉత్త వేలు పెట్టి అతుకు పొడుగునా రాసి చూడాలి. అతని వేలు ఒప్పుకుంటేనే మనిషి బయటికి వెళ్ళేది.

ఆ మధ్యాహ్నం భోజనశాలలో అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. అన్న అప్పుడే పొయ్యి మీంచి దించిన పులుసుగిన్నె పట్టుకుని ఏదో చెబుతున్నాడు. చర్మం కాలిన వాసన ముందు చెల్లెలికే తగిలింది.

“అన్నా! చెయ్యి తియ్!” అని ఆమె గిన్నెను తోసేసింది. అతని కుడిచేతి నాలుగు వేళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి. అతను వాటికేసి పరాయివాళ్ళ చెయ్యి చూసినట్టు చూశాడు.

“ఏటో సెల్లీ, నాకేటీ తెల్లేదు. మూడు నెల్లయినాది ఇలగ. నీళ్ళల్ల రచ్చ పెంచీసిన కాడి నుంచీ మొద్దుబారిపోతన్నాయి.”

అతను రచ్చ అన్నది రక్షను, తాగేనీళ్ళలో కలిపే మందును. అంగారకుడి మీద బరువు తక్కువ కాబట్టి ఎముకలు గుల్లబారతాయి, వాటికి బలమని ఆరేళ్ళ నుంచీ పోస్తున్నారు. ఈ ఏడాది మొదట్లో మోతాదు పెంచారు. మందు కలిపే గొట్టం ఊరంతటికీ ఒకటే, నీళ్ళూ ఒకటే.

“మూడు నెలలా? ఎవరికీ చెప్పలేదా?”

“సెప్పినానే. ఆరోగ్యశాఖోళ్ళు గీటురాయినడిగి, దీనివల్ల ఏళ్ళకేటీ అవదని తేల్చీసినారు. అది సెప్పినాక ఇంకేటుంది? నా ఏళ్ళే అబద్దమాడతన్నాయనుకున్నాను.”

పైడితల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆస్పత్రిలో కట్టు కట్టిన డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి, నరాలు చచ్చుబడుతున్నాయనీ, కుడిచేతి మీద ఆశ లేదనీ, నెలలోపు ఈ నీళ్ళు ఆపితే ఎడమచెయ్యి దక్కవచ్చనీ చెప్పింది. రాసిమ్మంటే మాత్రం భయపడింది. గీటురాయి తేల్చినదానికి ఎదురు రాసే ధైర్యం ఆ ఊళ్ళో ఏ డాక్టరుకీ లేదు.

పైడితల్లి తిన్నగా ఆరోగ్యశాఖ అధిపతి గరుడాచలం గదిలోకి వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, మెత్తని మాట. ఆ మెత్తదనమంటేనే ఆమెకు ఒళ్ళుమంట.

“వేళ్ళ ప్రశ్న చూపించండి” అంది, నిలబడే.

ఆయన తెర తిప్పి చూపించాడు. ‘రక్ష వల్ల చేతివేళ్ళ స్పర్శ మెరుగుపడిందా?’ జవాబు పసుపుదీపం. కింద ఆయన సంతకం: ‘ప్రభావం లేదు.’

ఆమె రెండుసార్లు చదివింది. “మెరుగుపడిందా అని అడిగారా? జనం వేళ్ళు పోతున్నాయని మొత్తుకుంటుంటే?”

“అన్ని ప్రశ్నలకూ నమూనా అదేనమ్మా. మేలు జరిగిందా అన్న ఒకవైపు చూస్తే తక్కువమందితో తేలిపోతుంది. వన్-టెయిల్డ్ టెస్ట్. మీకు నేను చెప్పాలా?”

“ఒకవైపు చూడమంటే అది రెండోవైపు చూడదండీ! వేళ్ళు ఊడి కింద పడ్డా, మెరుగుపడలేదు అనే చెబుతుంది. దాన్ని మీరు ప్రభావం లేదని రాసుకున్నారు. మా అన్న పులుసుగిన్నెకు చెయ్యి కాల్చుకున్నాడు, తెలుసా?”

గరుడాచలం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “కోపంలో ఉన్నారు. సరే, మీరే రాయండి.”

ఆమె అక్కడే నిలబడి రాసింది. రెండు సూదిమొనలతో స్పర్శ కొలిచిన లెక్కలు రెండువందల పన్నెండుమందివి ఉన్నాయి. పోల్చి చూడటానికి దూరపు గనిశిబిరంవాళ్ళు ఉన్నారు. వాళ్ళది మంచు కరిగించిన నీరు, అందులో రక్ష ఉండదు. ‘ఈ రెండు జట్ల స్పర్శలో తేడా ఉందా, ఏ వైపుకైనా?’

పచ్చదీపం వెలిగింది. “తేడా ఉంది” అంది గీటురాయి, ఎవరి పక్షమూ కాని గొంతుతో. “రక్ష తాగేవారిలో స్పర్శ తగ్గింది. అసలు తేడాయే లేకపోతే, ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం వెయ్యికి మూడు.”

“వెయ్యికి మూడు” అన్నాడు గరుడాచలం ఆలోచిస్తూ. “అంటే బొత్తిగా లేదని కాదుగా. తొందరపడి గొట్టం కట్టేస్తే ఎముకల గతేమిటి? మళ్ళీ కొలిపిద్దాం.”

మళ్ళీ కొలిచారు. పచ్చదీపం. సూదులు మార్చి కొలిచారు. పచ్చదీపం. వయసైనవాళ్ళను తీసేసి కొలిచారు. పచ్చదీపమే. అయిదోసారి ముప్ఫైమందిని మాత్రం పిలిచి కొలిచారు, అంత తక్కువమంది లెక్కలో ఏనుగంత తేడా కూడా కనబడదు. పసుపుదీపం వెలిగింది. ఇక మళ్ళీ అడగలేదు. ‘ప్రభావం లేదని తుది పరీక్షలో తేలింది’ అని మండలి గోడ మీద అంటించింది. ఈ తతంగానికి పద్దెనిమిది రోజులు పట్టింది. సింహాద్రి ఎడమచేతి చిటికెనవేలు కూడా మొద్దుబారింది.

గోడ మీది కాగితం చదివిన పైడితల్లి దాన్ని చించి ముద్ద చేసి, ఆ వారం సభ రోజున సభాశాలకు వెళ్ళింది. గుమ్మటంలో ఎవరైనా సరే తమ ఇంటి ఏడాది ప్రశ్నను నిండుసభలో అడగవచ్చు. ఆ రోజు రెండు వేలమంది వచ్చారు. వీళ్ళంతా ఓడలు కట్టే ఊళ్ళ నుంచి వచ్చి ఈ గుమ్మటాన్ని అతికినవాళ్ళూ, వాళ్ళ సంతానమూను. సగంమంది చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

“నా ప్రశ్న మందు గురించి కాదు” అంది ఆమె వేదికెక్కి. “మండలి ఏ ప్రశ్న వేసినా, ఏ జవాబు వస్తుందనుకుంటోందో ముందే రాసి ఇవ్వాలన్నది నియమం. ఆ చిట్టా గీటురాయి దగ్గరుంది. అనుకున్న జవాబు వచ్చినప్పుడూ, రానప్పుడూ, మండలి తిరిగి అడగడంలో తేడా ఉందా?”

ముందు వరసలో గరుడాచలం కుర్చీలో సర్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మండలివాళ్ళంతా సర్దుకున్నారు.

పచ్చదీపం. “అనుకున్న జవాబు వచ్చినవి మూడువందల పదకొండు. వాటిలో తిరిగి అడిగినవి రెండు. అనుకున్న జవాబు రానివి నూట నలభై. వాటిలో తిరిగి అడిగినవి నూట ఇరవై ఆరు. తేడా లేకపోతే ఇలా వచ్చే అవకాశం కోటికి ఒకటి కన్నా తక్కువ.”

సభాశాల గోల గోలైంది. “కట్టీండి గొట్టం!” “మా ఏళ్ళు తెచ్చియ్యి!” అని జనం బెంచీలు చరిచారు. ఒకామె చెప్పు తీసింది. పైడితల్లి ఎవర్నీ ఆపలేదు. ఆపాలని అనిపించలేదు కూడా.

గరుడాచలం లేచాడు. మెత్తదనం పోయింది. “కట్టేస్తాను! వేళ్ళు పోతున్నాయి, ఒప్పుకుంటాను. మరి ఎముకలో? మొదటేడాది ఎంతమందికి తుంటి విరిగిందో మరిచిపోయారా? రక్షతో ఎముక గట్టిపడుతుందని కూడా ఈ గీటురాయే చెప్పింది. ఆ ప్రశ్న ఎవరు రాశారో చదవమనండి.”

యంత్రం చదివింది. “ప్రశ్న: రక్ష వల్ల ఎముకలు గట్టిపడ్డాయా? రాసినవారు: పైడితల్లి. కొలిచినది నలభైమందిని, ఒకవైపే. అనుకున్న జవాబు: అవును. వచ్చిన జవాబు: అవును, పి-వాల్యూ నూటికి నాలుగు. తిరిగి అడిగినది: సున్నా.”

జనం ఆమెకేసి తిరిగారు. ఆమెకు ఆరేళ్ళ కిందటి ఆ రోజు బాగా గుర్తుంది. పచ్చదీపం చూసి ఊరంతా కౌగలించుకుంది, ఆమెను భుజాలమీదికెత్తుకుంది. నూటికి నాలుగంటే ఎంత సన్నని గీతో ఆమెకు తెలుసు. తెలిసీ ఇంకోసారి అడగాలన్న ఊహే రాలేదు. మొహం భగ్గుమంది. గరుడాచలాన్ని తిట్టిన తిట్లన్నీ వరసగా వెనక్కి వచ్చి తగిలాయి.

“అయితే ఇప్పుడే అడుగుతాను” అంది పళ్ళు బిగించి. “నా ప్రశ్న అయిపోయింది. సభ ఒప్పుకుంటుందా?”

చేతులు లేచాయి. ఆమె రాసింది. ఆరేళ్ళ లెక్కలు, రెండువేల మంది ఎముకలు, గనిశిబిరంవాళ్ళ ఎముకలు, రెండువైపులా చూడమని.

గీటురాయి ఎన్నడూ లేనంత సేపు తీసుకుంది. పసుపుదీపం వెలిగింది.

“ఎముకల్లో తేడా ఉందని చెప్పడానికి ఆధారం చాలదు” అంది. “చెప్పుకోదగ్గ మేలు నిజంగా ఉండి ఉంటే, ఇంతమంది లెక్కలో అది నాకు కనబడకుండా పోయే అవకాశం నూటికి ఒకటి.”

ఆరేళ్ళు ఊరంతా తాగిన నీళ్ళు. గరుడాచలం జేబులోంచి గొట్టం తాళం తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. గెలిచింది. తిప్పితే అయిపోతుంది, అన్న ఎడమచెయ్యి మిగులుతుంది. ఆమె తాళం అందుకుంది.

“ఇంకోపాలి అడుగు సెల్లీ.”

సింహాద్రి లేచి నిలబడ్డాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి గుండెకి ఆనించి పట్టుకున్నాడు.

“ఏంటన్నా?”

“నూటికి ఒకటి ఉందన్నాది గదే. ఊరికినే పోనాయా నా ఏళ్ళు? ఎముకలకైనా ఏదో అయ్యుంటాది. ఇంకోపాలి అడుగు.”

“అవునమ్మా, ఇంకోపాలి” అంది వెనకనుంచి చెప్పు తీసిన ఆడమనిషి. “సరిగ్గా కొలిసినారో లేదో! ముసలోళ్ళని తీసీసి అడుగమ్మా.” ఇందాక బెంచీలు చరిచిన గొంతులే ఒక్కొక్కటీ కలిశాయి. రెండువేలమందిలో ఒక్కరూ గొట్టం మాట ఎత్తలేదు.

పైడితల్లి ఒక్క అరుపు అరవాలని నోరు తెరిచింది. గరుడాచలం మీద అరిచిన మాటలే, పొల్లుపోకుండా నాలుక చివరికి వచ్చాయి. అన్న మొహంలో ఉన్న ఆశ చూసింది. అది ఆరేళ్ళ కిందట తన మొహంలో ఉన్నదే.

తాళం బల్ల మీద పెట్టేసి, మళ్ళీ అడిగింది.