తాళం పడని రికార్డులు

"రేపు పదింటికల్లా రాజీనామా ఇవ్వకపోతే పోలీసులకి అప్పగిస్తారట సార్!" అంది ఆమె, డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుంటూ. ఆమె చేతిలో కంపెనీ యజమాని సంతకంతో వచ్చిన నోటీసు ఉంది.

ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఆమె టెస్టర్. తప్పులు పట్టడమే ఉద్యోగం. రోగుల రికార్డుల బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ అయి, పాస్‌వర్డ్ లేనివాళ్లకు అక్షరం కూడా అర్థం కాకూడదు. సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా అది మామూలు అక్షరాల్లోనే పడుతోందని పదమూడో తేదీన ఆమె రాసిచ్చింది. అది లోపమే కాదని కొట్టిపారేశారు. వారం తిరక్కుండా రికార్డులు బయటికి పొక్కాయి. కంపెనీ చెప్పేదాని ప్రకారం, తన మాట నెగ్గించుకోవడానికి పద్నాలుగున ఆమే సెట్టింగ్ ఆఫ్ చేసిందట! ఎవరు ఏం మార్చారో నమోదయ్యే లాగ్‌లో ఆమె పేరే ఉంది.

"తప్పు చూపించిన మనిషినే దొంగని చేస్తారా బావా!" అసిస్టెంటుకు ఒళ్లు మండిపోయింది. అతను డిటెక్టివ్‌కు స్వయానా బావమరిది. బావ తెలివి మీద ఎంత గురో, బావ నిదానం మీద అంత చిరాకు.

"తిట్లు దార్లో తిట్టుకుందువుగాని, ముందు చెప్పులేసుకో," అన్నాడు డిటెక్టివ్.

కంపెనీ టెక్నికల్ హెడ్ వాళ్లను నవ్వుతూ కూర్చోబెట్టాడు.

"మా దగ్గర భద్రతకేం లోటు లేదండీ. ఎవరి లాగిన్‌తో మార్చినా సరే, ఆఫీసు ఫోన్‌కి కోడ్ రావాలి. ఆ ఫోన్ నా సొరుగులో ఉంటుంది."

"తాళంచెవి?"

"నా జేబులో. ఇంకోటి లేదు."

"టెస్టర్ల పాస్‌వర్డ్‌లు?"

"అవీ నేనే పెట్టిస్తా."

"ఫోన్ ఆవిడకెప్పుడైనా ఇచ్చారా?"

"నా చెయ్యి దాటనిస్తానా!"

అక్కణ్ణుంచి డిటెక్టివ్ ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రికి వెళ్లాడు. రికార్డుల గదిలో, అదే నెల మూడో తేదీ చీటీ అంటించిన బ్యాకప్ డిస్క్ ఒకటి బీరువాలో ఉంది. దాన్ని తనే పట్టుకొస్తానంది లేడీ సూపరింటెండెంట్.

మర్నాడు తొమ్మిదింటికి కంపెనీ మీటింగ్ గదిలో యజమానితో సహా అందరూ కూర్చున్నారు. డిస్క్ పెట్టగానే ఏ పాస్‌వర్డూ అడక్కుండా ఒక రోగి పేరు, జబ్బు తెర మీద పడ్డాయి. సూపరింటెండెంట్ గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పద్నాలుగున ఆఫ్ చేస్తే, మూడో తేదీది ఎలా తెరుచుకుంది?" అన్నాడు డిటెక్టివ్. "లోపం ముందునుంచే ఉంది. ఈవిడ కాగితం చూసి భయపడి, నేరం తోసెయ్యడానికో మనిషిని సిద్ధం చేసుకున్నారు. ఆవిడ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు, కోడ్ వచ్చిన ఫోన్ తీయగలిగినవాళ్లు ఒక్కరే. ఆ ఫోన్ మీ చెయ్యి దాటలేదని మీరే చెప్పారు హెడ్ గారూ!"

"రెండేళ్లుగా ఎన్‌క్రిప్షన్ బాగుందని ఆసుపత్రులకి సంతకాలు పెట్టాను..." అని గొణిగాడు హెడ్.

యజమాని టెస్టర్ వైపు తిరిగాడు. "నీ ఉద్యోగం నీదేనమ్మా. కాకపోతే ఈ సంగతి ఈ గది దాటకూడదు."

రోగుల గుట్టంతా రచ్చకెక్కింది, ఈయన గుట్టు మాత్రం దాగాలట! అసిస్టెంటు పళ్లు కొరికాడు. టెస్టర్ మాత్రం నిటారుగా లేచింది.

"నా పేరు బాగుపడితే చాలనుకున్నాను సార్. ఇప్పుడు చాలదు. ఆసుపత్రులన్నిటికీ నిజం రాయండి. నేను దొంగనని రాసిన కాగితం మీద మీ సంతకమే ఉంది. దీని మీదా మీరే పెట్టాలి."

"మొదటి కాపీ నాకివ్వండి," అంటూ సూపరింటెండెంట్ ఆమె పక్కకు కుర్చీ జరుపుకుంది. "అది తీసుకునే వెళ్తాను."