అందరి ఇళ్ల తాళాలు

కోడలు పళ్లు తోముకోవడం ఇంకా పూర్తికానే లేదు, కాలింగ్ బెల్ మూడోసారి మోగింది. ఆసుపత్రి ల్యాబులో వారమంతా నిలబడి రక్తపరీక్షలు చేసే మనిషి. ఆదివారం ఒక్క పూట నడుం వాల్చుదామన్నా ఈ ఇంట్లో కుదిరి చావదు. బిల్డింగులో అందరూ తమ ఇంటి రెండో తాళంచెవి అత్తగారి దగ్గర పెడతారు. అవి వంటింటి గోడకు మేకుల మీద వేలాడుతుంటాయి. ఎవరు తాళం మరిచిపోయినా, ఎవరింటికి కుళాయి బాగుచేసేవాడొచ్చినా, గంట మోగేది మాత్రం ఇక్కడే.

“మనదేమైనా సత్రమా అత్తయ్యా? రేపు ఎవరింట్లో ఏం పోయినా మన మీదే పడతారు. ఎవరివి వాళ్లకిచ్చేయండి.”

“నమ్మి ఇచ్చినవి మొహాన కొట్టినట్టుంటుందమ్మా.”

“మీ అబ్బాయి పేపర్లోంచి తలెత్తరు. లేచి తలుపు తీసేది నేను. నా వల్ల కాదింక. ఈ ఇంట్లో ఆ తాళాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి!”

నోరు జారాక ఎక్కువైందనిపించింది. అత్తగారు తాళంచెవులన్నీ సంచిలో వేసుకుని మెట్లు దిగి, ఎవరివి వాళ్లకిచ్చేసి వచ్చింది. మధ్యాహ్నం ఒక్కసారీ బెల్ మోగలేదు. అయినా కోడలికి కునుకు పట్టలేదు.

సాయంత్రం గంట మోగింది. కింది ఇంటి టైలరమ్మ. మెడలో టేపు, చేతిలో తాళంచెవి.

“ఇదిగో అమ్మాయ్, మీ ఇంటిది.”

“మాదా? మీ దగ్గరెందుకుంది?”

టైలరమ్మ గొంతు తగ్గించింది. “నువ్వు డ్యూటీకెళ్లాక మీ అత్తగారు పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతున్నారు. ఓసారి ఇల్లంతా పొగ. అప్పట్నుంచి రోజూ ఎవరో ఒకరం, ఆవిడిచ్చిన ఈ తాళంచెవితో తలుపు తీసి లోపలికొచ్చి స్టవ్ చూసి పోతున్నాం. ‘అదసలే అలిసిపోయి వస్తుంది, దానికి చెప్పకండి’ అని ఒట్టేయించుకున్నారు. ఎవరివి వాళ్లకే అన్నాక, మీది మేమెలా ఉంచుకుంటాం?”

అంతలో వంటింట్లోంచి కమురు వాసన వచ్చింది. కోడలు పరిగెత్తి స్టవ్ కట్టేసింది. అత్తగారు పక్కనే నిలబడి ఖాళీ మేకులకేసి చూస్తోంది.

“నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా!” అంటూ ఆవిణ్ణి పట్టుకుని భోరుమంది.

“అలిసిపోయొచ్చే నీకు ఇంకెన్ని చెప్పనే,” అందావిడ, కోడలి తల నిమురుతూ.

కళ్లు తుడుచుకుని కోడలు గుమ్మంలోకి వచ్చింది. తాళంచెవి టైలరమ్మ చేతిలోనే పెట్టి ఆ గుప్పిట మూసింది.

“మీ దగ్గరే ఉంచండక్కా. మీది మళ్లీ మాకిస్తారా?”

తర్వాత ఖాళీ సంచి తీసుకుని, మిగతా ఇళ్లవాళ్లని అడగడానికి తనే చెప్పులేసుకుంది.