పెట్టె మీద పేరు

"రంజని టారో" అని బంగారు రంగులో మెరుస్తున్న పెట్టెను కృత్తిక అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున కూడా చూసింది. తన పేరు ఎక్కడా లేదు.

జోస్యం చెప్పే కార్డులవి, డెబ్బై ఎనిమిది. పద్నాలుగు నెలలు కారమడైలోని తన ఇంటి మేడగదిలో కూర్చుని ఒక్కొక్క బొమ్మా చేత్తో గీసింది. కార్డులు పరచి జోస్యం చెప్పే రంజని వాటి అర్థాలు రాసింది. మాదిరి పెట్టె చూద్దామని కోయంబత్తూరు ప్రెస్సుకు ఉత్సాహంగా వస్తే, ఇదీ సంగతి.

ప్రెస్సు నడిపే మదన్‌ను తమిళంలో నిలదీసింది. పెట్టె డిజైన్ తనదేనని అతనూ తమిళంలోనే ఒప్పుకుని, ఆమె పేరెందుకని అడిగాడు. వెంటనే ఆమె ఫోను తీసి అవ్వతో తెలుగులో మొదలుపెట్టింది.

"అవ్వా, నా పేరే వెయ్యలే! ఈడ ఒక దున్నపోతు కూచోనుండాడు. పేరెందుకని నన్నే అడుగుతా ఉండాడు."

"దున్నపోతుకు తెలుగు వస్తాదండి," అన్నాడు మదన్. "మా ఇంట్లోనూ తెలుగే."

కృత్తిక చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం తగ్గలేదు. "మంచిదాయె. అయితే బాగా వినండి. బొమ్మలేసింది ఎవరు?"

"బుక్‌లెట్ కడపటి పేజీలో 'ఆర్ట్: కె.' అని వేసినాం గదండి?"

"కె. అంటే ఎవరు? కణ్ణనా, కరుప్పయ్యా?"

మదన్‌కు నవ్వొచ్చింది. ఆమె కళ్ళు చూసి ఆపుకున్నాడు.

"అర్థాలు రాసింది రంజని అక్క, బొమ్మలేసింది నేను. రెండు పేర్లూ పెట్టె ముందరే ఉండాల, ఒకే సైజులో. బుక్‌లెట్ మొదటి పేజీలో, అమ్మే వెబ్‌సైట్‌లో కూడా. ఇంతకంటే ఎక్కువ అడగలే."

"రేపే అచ్చుకు మెషిన్ ఎక్కాలండి."

"ఎక్కించుకోండి!" అని వానలోకి విసవిసా నడిచి వెళ్ళిపోయింది.

మదన్‌కు కాలు ఒకచోట నిలవలేదు. కార్డులన్నీ బల్ల మీద పరిచాడు. ఇన్నాళ్ళూ అంచులు కొలిచాడే తప్ప బొమ్మలు చూడలేదు. ఒక కార్డులో ముసలావిడ కొమ్ములెత్తిన ఎద్దు నుదుటి మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆ చేతి ముడతలను కూడా విడివిడిగా గీసింది కృత్తిక. అతను రంజనికి ఫోను చేసి, ఇద్దరి పేర్లూ పెట్టె ముందరే వేద్దామన్నాడు.

"నా పేరు చూసే కొంటారు," అంది రంజని. "కుదరదంటే ఇంకో ప్రెస్సులో వేసుకుంటా."

"సరి అక్కా. ఆయమ్మ పేరు లేకుండా నేనయితే వెయ్యను."

అనేశాడు గాని, ప్రెస్సుకు ఈ ఏడాది వచ్చిన పెద్ద పని అదొక్కటే. రెండు రోజులు మెషిన్ ఖాళీగా ఉంది. పది నిమిషాలకొకసారి ఫోను చూసుకున్నాడు. అక్కడ కారమడైలో కృత్తిక గీయబోయిన కాగితాలన్నీ చించి పారేస్తోంది.

మూడోరోజు రంజనే ఫోను చేసింది. "నా దగ్గరుండే మాదిరి కార్డులు పరిస్తే, ఈ బొమ్మలు ఎవరు వేసిరని జోస్యానికి వచ్చినవాళ్ళంతా అడుగుతారు తంబీ. ఇన్నాళ్ళు నవ్వి ఊరుకున్యాను. పేరు వెయ్యి. ముందరే వెయ్యి."

సాయంత్రానికల్లా మదన్ ఆమె పేరుకు చోటు వదిలిన కొత్త మాదిరితో కారమడైలో కృత్తిక ఇంట్లో ఉన్నాడు, నిలువునా తడిసి. అవ్వ చెల్లమ్మాళ్ తువ్వాలు చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

జరిగిందంతా విని కృత్తిక మాదిరిని తన ముందుకు లాక్కుంది. "ఆ పని పోయింటే?" అంది.

"పోయేదే. పేరు ఎట్లా వెయ్యాలో చెప్పండి. జి. కృత్తికా, వట్టి కృత్తికా?"

"కృత్తిక గోపాలకృష్ణన్. నాయన పేరుతో, పూర్తిగా. ఇంకొకటి. మా అక్కకు పెళ్ళవుతూనే నాయన ఇనిషియల్ తీసి మొగునిది పెట్టేసిరి. నాకు అది వద్దు. ఎన్నిసార్లు ప్రింటేసినా ఇదే ఉండాల, పెళ్ళైనంక కూడా."

"మార్చనండి," అన్నాడు మదన్ తొందరగా.

కృత్తిక తలెత్తింది. "నేను ప్రెస్సు గురించి చెప్తా ఉండా."

మదన్ తువ్వాలును మెలితిప్పాడు. "నేను... రెండింటి గురించీ."

బయట వాన ఎక్కువైంది. కృత్తిక పెన్సిలు తీసుకుని మాదిరి మీద తన పేరును అక్షరం అక్షరం దిద్దింది. రెండుసార్లు తుడిచి రాసింది.

"ఆదివారం మీ అమ్మను పిలుచుకోని రాండి," అంది తల వంచుకునే. "ఈ మాట మా అవ్వ ముందర చెప్పాల."

"నేను విన్యానులే," అంది అవ్వ వంటింట్లోంచి. "అయినా ఆదివారం రా అబ్బీ. ఇంకోసారి వింటాను."