మంచిగున్నదని నొక్కిన వేలు

తలుపు తెరుచుకోలేదు! పొద్దున గడియ పెట్టుకున్న బిడ్డ, మధ్యాహ్నమైనా ఉలకదు, పలకదు... నర్మద దబదబా తలుపు బాదింది. "తిరుమలా! ఓ బిడ్డా! ఒక్క మాట పలుకవే!" పొద్దుటి నుంచి చుట్టిన బీడీలు, చేటకు కాలు తగిలి చెల్లాచెదరయ్యాయి. ఆమె చూడనైనా లేదు.

మూడు నెలలుగా తిరుమలకు తిండి లేదు, నిద్ర లేదు. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరును చూడాలంటే నెలన్నర ఆగమన్నారు. అందాకా ఫోన్లోనే తోడుంటామని, రోజూ నాలుగు ప్రశ్నలు పంపుతామని, సాదియా అనే అమ్మాయి మంగళవారం మంగళవారం మాట్లాడుతుందని చెప్పారు. తిరుమల ఫోను ముట్టదాయె! సాదియాకు "పండుకున్నది" అని చెప్పేదీ, ప్రశ్నలకు జవాబులు నొక్కేదీ నర్మదే. నిద్ర పట్టిందా? పట్టింది. బతకాలని ఉందా? ఉంది... అబద్ధమాడాలని కాదు! భర్త సిద్దిరాములు పదకొండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. దూరాన ఉన్నవాళ్లకు చెడ్డమాట చేరవేయకూడదని అత్త నేర్పిన పద్ధతి. మామ పోయినప్పుడు కూడా నర్మద మూడు రోజులు భర్తకు "అందరం మంచిగున్నం" అనే చెప్పింది. ఫోను పడితే ఆమెకు మరో మాట రాదు!

అప్పుడే ఫోను మోగింది. సాదియా!

"నర్మదమ్మా, తిరుమల జవాబులన్నీ మంచిగున్నయి. ఇంకా పరేషాన్ల ఉన్నోళ్లు చానమంది ఉన్నరు. ఆమె తారీఖు జర వెనుకకు జరుపమంటరా?"

తారీఖు వెనక్కా! నర్మద మూసిన తలుపు వైపు చూసింది. తన చేతులతో తానే...!

"వద్దు బిడ్డా! అవన్ని నేనే నొక్కిన! ఒక్కటి సుత నిజం గాదు! గిప్పుడు తలుపు తీస్తలేదు..."

"పక్కింటోళ్లను పిలిచిండ్రా?"

"ఇజ్జత్ పోతదని..."

"ఇజ్జత్ తర్వాత చూద్దాం! పిలువుండ్రి!"

నర్మద గొంతు చించుకుని అరిచింది. గోడవతలి లింగమూర్తి గడ్డపారతో ఉరికొచ్చాడు.

"చచ్చిపోవాలనిపిస్తుందా అని ఎన్నడన్న అడిగిండ్రా?" అంది సాదియా.

"అమ్మో! గా మాట నోట్లెకు ఎట్ల వస్తది?"

"అడిగితే ఆ ఆలోచన కొత్తగ పుట్టదమ్మా. అడుగుండ్రి."

నర్మద తలుపుకు నుదురానించింది. "బిడ్డా... సచ్చిపోవాలె అనిపిస్తుందా నీకు? చెప్పు తల్లీ. కోపం జెయ్య..."

లింగమూర్తి గడ్డపార ఎత్తాడు. అంతలో గడియ తీసిన చప్పుడు!

"అనిపిస్తుందే అవ్వా... రోజు అనిపిస్తుంది." తిరుమల గడపలోనే కూలబడింది. "నువ్వు మంచిగున్నదని నొక్కుడు చూస్తనే ఉన్న. నిజం చెప్తే నువ్వు ఆగమైతవని చెప్పలే..."

తల్లి ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుని భోరుమంది. లింగమూర్తి ముఖం తిప్పుకుని, "తెచ్చిన గడ్డపారకు పని జెప్పాలె గదా," అంటూ ఆ గడియను మేకులతో సహా పెకిలించి పారేశాడు.

సాదియా ఆసుపత్రిలో మాట్లాడి మళ్లీ ఫోను చేసింది. "రేపు పొద్దుగాల పదింటికే డాక్టరమ్మ చూస్తదట. అందాక ఒక్క నిమిషం ఒంటరిగ ఇడువకుండ్రి. నేను గంట గంటకు ఫోన్ చేస్త."

బిడ్డ తల ఒడిలోకి చేరింది. కళ్లు మూసుకుంది. నర్మదకు భయం పోలేదు... అరచేయి మెల్లగా ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసింది.

"ఊపిరి పీలుస్తనే ఉన్న, అవ్వా..." కళ్లు తెరవకుండానే అంది తిరుమల.

"పీల్చు బిడ్డా," అంది నర్మద. చేయి మాత్రం తీయలేదు.